కెరిగన్ గారింటి భోజనాల బల్ల

ఆగిపోయిన కార్లను పొద్దంతా టో ట్రక్కుకి తగిలించి లాక్కెళ్లే డారిల్ కెరిగన్ రాత్రికి ఇల్లు చేరి భోజనానికి కూర్చుంటాడు. భార్య సాల్ ప్లేటు తెచ్చి ముందు పెడుతుంది. ఒక ముక్క నోట్లో వేసుకుని ఇదేంటని అడుగుతాడు. చికెన్ అంటుంది. మరి పైన ఏదో చల్లినట్టుందే? మసాలా పొడి చల్లానంటుంది. అంతే, ఆయన మొహం వెలిగిపోతుంది. ఇంట్లో రోజూ ఇలాంటివి దొరుకుతుంటే జనం హోటళ్లకెందుకు పోతారో అని నిజంగానే ఆశ్చర్యపోతాడు. వెటకారం కాదు, పొగిడి పని చేయించుకోవడమూ కాదు. ఆ పెళ్లాం వంట ఆ మనిషికి రోజూ ఒక వింత.

నేనక్కడే ఫిదా. వెనక్కి తిప్పి ఆ సీను మళ్లీ చూశాను. ఆస్ట్రేలియా అంటే నాకింతకాలం క్రికెట్టు, కంగారూ, మాస్టర్స్ చేయడానికి వెళ్లిన చుట్టాల పిల్లలు. వాళ్లు ఇలాంటి సినిమాలు తీస్తారని ఒక్కరైనా చెప్పారా? మెల్‌బోర్న్ నుంచి చాక్లెట్లు మోసుకొచ్చిన ప్రతివాళ్ల మీదా ఇప్పుడు నాకు కోపంగా ఉంది.

సినిమా పేరు ‘ద కాసిల్’. 1997లో వచ్చింది. రాబ్ సిచ్ దర్శకుడు. టీవీ కామెడీలు చేసుకునే నలుగురు స్నేహితులు కలిసి రాసుకుని, 11 రోజుల్లో షూటింగ్ ముగించేశారు. మన దగ్గర ఒక్క పాటకి అన్ని రోజులు పట్టొచ్చు. ఆ చవకతనం తెర మీద తెలుస్తూనే ఉంటుంది, ఫ్రేములు టీవీ సీరియల్లా సాదాగా ఉంటాయి. ఉండనీండి!

పేరుకి కోట. తీరా చూస్తే కూలరూ అనే శివారులో, విమానాశ్రయం గోడ పక్కన, హైటెన్షన్ తీగల కింద ఓ చెక్క ఇల్లు. ఆ తీగల్ని చూసినా డారిల్‌కి మురిపెమే, కరెంటు పుట్టించిన మనిషి గొప్పదనం గుర్తొస్తుందట! ఇంటి మీద చిమ్నీ కూడా ఉత్తుత్తిదే, అందం కోసం పెట్టించాడు. ఇంట్లో కాలేజీ మొహం చూసింది కూతురు ట్రేసీ ఒక్కతే. చదివింది హెయిర్ డ్రెస్సింగ్. ఆ చదువు గురించి తండ్రి చెప్పే తీరు చూస్తే మన దగ్గర మెడిసిన్ సీటొచ్చిన పిల్ల తండ్రులు కూడా సిగ్గుపడాలి. పెద్ద కొడుకు జైల్లో ఉంటే వాణ్ని చూడ్డానికి వెళ్తాడు, వాడి మీదా ప్రేమ తగ్గదు. చిన్నవాడు డేల్ పెరట్లో గొయ్యి తవ్వానని చెప్తే అదీ ఇంట్లో ఒక శుభవార్తే. ఎవరైనా ఏదైనా బహుమతి తెచ్చారో, అది నేరుగా పూల్ రూమ్‌కి పోవాల్సిందే. మన హాల్లో అద్దాల షోకేసు ఉంటుంది చూశారూ, పదో తరగతి షీల్డు, తాజ్‌మహల్ బొమ్మ, ఎప్పుడూ వాడని డిన్నర్ సెట్టూ పెట్టి తాళం వేసేది? అదే వాళ్ల పూల్ రూమ్.

ఇంత సంతోషంగా ఉన్న ఇంటికి ఒకరోజు నోటీసొస్తుంది. విమానాశ్రయాన్ని పెంచుతున్నాం, డబ్బు తీసుకుని ఖాళీ చేయండని. భూసేకరణ అన్న మాట మనకు ఎవరూ వివరించక్కర్లేదు. శంషాబాద్ నుంచి భోగాపురం దాకా రన్‌వేల కిందికి పొలాలూ ఇళ్లూ పోవడం చూసినవాళ్లమే. అందుకే నవ్వుతూ చూస్తున్నవాణ్ని ఇక్కడ కాస్త సర్దుకుని కూర్చున్నాను. మన హీరోకే ఆ నోటీసొచ్చుంటే సుమోలు గాల్లోకి లేచేవి. డారిల్ చేసేదల్లా డెనిస్ డెనూటో అనే వీధి లాయరును పట్టుకుని కోర్టుకెళ్లడం. తన ఆఫీసు జిరాక్స్ మిషన్‌తోనే గెలవలేని లాయరతను. రాజ్యాంగంలో ఏ సెక్షన్ ప్రకారం వాదిస్తున్నారని జడ్జి అడిగితే నీళ్లు నమిలి నమిలి, రాజ్యాంగం మొత్తం మీద అలాంటి ఒక ‘వైబ్’ ఉందండీ అంటాడు. పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. కానీ డెనిస్ ఆ తడబాటులోనే మాబో పేరు కూడా ఎత్తుతాడు. ఈ నేల మీద ఆదివాసులకు హక్కుందని 1992లో ఆస్ట్రేలియా హైకోర్టు ఒప్పుకున్న కేసు అది. డారిల్ కూడా ఒకచోట, మూలవాసులకు ఎలా ఉండి ఉంటుందో ఇప్పుడు తెలుస్తోందంటాడు. అంత పెద్ద మాట టో ట్రక్కు డ్రైవర్ నోట, ఉపన్యాసం లేకుండా, దారినపోతూ అన్నట్టు వచ్చేస్తుంది.

తర్వాత ఒక రిటైరైన పెద్ద లాయరు తగులుతాడు. ఆయన తన కొడుకు కోర్టులో వాదించడం చూడ్డానికొచ్చిన తండ్రి. బయట బెంచీ మీద ఇద్దరు తండ్రులు పిల్లల గురించి చెప్పుకునే కబుర్లు, అంతే. కథ మలుపు తిరగడానికి అది చాలింది! కేసు హైకోర్టుకెక్కుతుంది. ఆస్తి తీసుకుంటే న్యాయమైన షరతుల మీదే తీసుకోవాలని వాళ్ల రాజ్యాంగం 51వ సెక్షన్‌లో ఒక క్లాజు ఉంది. పిల్లలు పెరిగిన ఇంటికి ఏ షరతు న్యాయమైనదవుతుందన్నదే వాదన. తీర్పు నేను చెప్పను. అన్నట్టు, ట్రేసీ మొగుడుగా, కిక్‌బాక్సింగ్ పిచ్చి ఉన్న అకౌంటెంటుగా వేసిన కుర్రాడు ఎరిక్ బానా. తర్వాత ‘ట్రాయ్’లో హెక్టర్ అతనే!

ఈ వెలుగంతా చూసి, అక్కడి ఇళ్లన్నీ ఇలాగే ఉంటాయేమో అనుకుంటే ‘మ్యూరియల్స్ వెడ్డింగ్’ చూడండి. 1994 నాటిది, పి.జె. హోగన్ తీశాడు. అక్కడా ఒక కుటుంబం భోజనానికి కూర్చుంటుంది, చైనీస్ రెస్టారెంట్లో. తండ్రి బిల్ హెస్లప్ ఊళ్లో పెద్దమనిషి. బయటివాళ్ల ముందు కన్నపిల్లల్ని పనికిరానివాళ్లంటాడు, తల్లి బెట్టీ నోరెత్తదు. మ్యూరియల్ గదిలో తలుపేసుకుని ఆబా పాటలు వింటూ పెళ్లి గురించి కలలు కంటుంది. పోస్టరు చూసి కామెడీ అనుకుని కూర్చుంటాం, బెట్టీ కథ ఎటు పోతుందో తెలిశాక నవ్వు గొంతులోనే ఆగిపోతుంది. టోనీ కొలెట్ మొహంలో ఆ ఆశ, ఆ అవమానం ఒకేసారి కనబడతాయి. ఒక తండ్రి మెచ్చుకోలుతో ఇల్లు ఎలా నిలబడుతుందో, ఇంకో తండ్రి ఈసడింపుతో ఎలా కుంగిపోతుందో ఈ రెండు బల్లల దగ్గరే కనిపిస్తుంది. రెండు సినిమాలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

రాబ్ సిచ్ బృందమే 2000లో ‘ద డిష్’ తీసింది. న్యూ సౌత్ వేల్స్‌లో పార్క్స్ అనే చిన్న ఊరు. గొర్రెలు మేసే పచ్చికలో 64 మీటర్ల రేడియో టెలిస్కోపు. 1969 జులైలో చంద్రుడి మీంచి వచ్చే బొమ్మల్ని అది పట్టాలి. ఊరి మేయరు హడావుడి, అమెరికా రాయబారి వస్తే బ్యాండువాళ్లు అమెరికా జాతీయగీతం అనుకుని ‘హవాయి ఫైవ్-ఓ’ టీవీ సీరియల్ ట్యూను వాయించడం, డిష్ మీదే క్రికెట్ ఆడటం... ఇవన్నీ చూస్తుంటే చంద్రుణ్ని మర్చిపోయి ఆ ఊళ్లోనే ఉండిపోతాం. సినిమాలో కరెంటు పోవడం కల్పితం. ఆర్మ్‌స్ట్రాంగ్ తొలి అడుగు బొమ్మల్ని ప్రపంచానికి అందించింది కూడా పార్క్స్ కాదు, కాన్‌బెర్రా దగ్గరి హనీసకిల్ క్రీక్ కేంద్రం. ఆ ఘనత ఎగరేసుకుపోవడం ఒక్కటే నాకు కాస్త నచ్చలేదు. గాలిదుమారం మాత్రం నిజం. అంత ఈదురుగాలిలోనూ మనుషులు ఆ డిష్‌ని తిప్పి నిలబెట్టారు.

డారిల్‌గా వేసిన మైకేల్ కేటన్ మీద మోజుతో ‘లాస్ట్ క్యాబ్ టు డార్విన్’ పట్టుకున్నాను. 2015 సినిమా. ఇందులో ఆయన రెక్స్, బ్రోకెన్ హిల్ అనే గనుల ఊళ్లో టాక్సీ డ్రైవరు. ఊరు దాటి ఎరగడు. కడుపులో క్యాన్సర్. బాధ లేకుండా పోవాలని, డాక్టరు సాయంతో చనిపోవడానికి వీలున్న డార్విన్‌కి ఎర్రమట్టి దారి పట్టి వేల కిలోమీటర్లు టాక్సీ తోలతాడు. 1990లలో నిజంగానే ఒక డ్రైవరు చేసిన ప్రయాణం ఇది. ఎదురింటి పాలీ ఆదివాసీ స్త్రీ. ఇద్దరూ ఇన్నేళ్లుగా ప్రేమించుకుంటారు గానీ పబ్బులో పదిమందిలో పక్కపక్కన కూర్చోలేరు. పాలీ అతణ్ని నోరారా తిడుతుంది, ఆ తిట్లలో ఎంత చనువో! ఆమె పాత్ర వేసిన నింగాలి లాఫోర్డ్-వుల్ఫ్ కనిపించిన ప్రతిసారీ తెర నిండిపోతుంది. డారిల్‌ని చూసి పకపకా నవ్విన నేను అదే ముసలాయన్ని ఇక్కడ చూసి కళ్లు తుడుచుకోవాల్సొచ్చింది.

ఇంగ్లీషే కదా అని ధీమాగా కూర్చోకండి, సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. ఆ యాస సగం ముక్కులోంచి వస్తుంది. నాకింకా ‘రెడ్ డాగ్’ మిగిలుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో, పిల్బరా ఎర్రదుమ్ములో డాంపియర్ అనే ఊళ్లో గనుల కార్మికులందరూ మా కుక్కే అనుకున్న ఒక ఊరకుక్క కథ. నిజంగా ఉండేదట, ఆ ఊళ్లో దానికి విగ్రహం కూడా పెట్టారు. కుక్కకి విగ్రహం కట్టిన ఊరి సినిమా బాగోకపోవడం ఎలా కుదురుతుంది చెప్పండి!