తాతయ్య అంబాసిడరూ, నేనూ

సావనీరుకు ఏదైనా రాసివ్వమని ఎడిటరు గారు మూడుసార్లు అడిగారు. కవిత్వం నాకు రాదు. ప్రేమకథ రాస్తే హాస్టల్లో బతకనివ్వరు. కనుక నేను గుద్దిన కారు గురించి రాస్తున్నాను.

మాది దుగ్గిరాల దగ్గర పల్లెటూరు. 1978లో పసుపు అమ్మిన డబ్బుతో తాతయ్య మార్క్ 3 అంబాసిడరు కొన్నాడు. ఆ రోజుల్లో డబ్బు కట్టినా బండి వెంటనే చేతికొచ్చేది కాదు, వంతు కోసం కాచుకోవాలి. వచ్చిన్నాటి నుంచీ అది మా ఇంట్లో మనిషి కిందే లెక్క. ఊళ్లో ఎవరికి నొప్పులొచ్చినా, పాము కరిచినా తెనాలి ఆస్పత్రికి అందులోనే. ముందు సీటు ఒకటే బల్ల, గేరు స్టీరింగు పక్కన. పెళ్లిళ్లకు పదిమందిని కుక్కినా నోరెత్తేది కాదు. ఉత్తర్‌పారాలో ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది. మా వాళ్లు మాత్రం ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషను పొడిగించుకుంటూ వచ్చారు.

తాతయ్య పోయిన మరుసటి ఏడు, సంక్రాంతి సెలవుల్లో, కాలవ కట్ట మీద రాత్రి ఎనిమిదింటికి నేను దాన్ని తీసుకెళ్లి గడ్డి ట్రాక్టరుకి వెనకనుంచి కొట్టాను. ట్రక్కుకి వెనక ఎర్రదీపం లేదన్నది నిజమే. నేను అరవైలో ఉన్నానన్నది అంతకన్నా నిజం. ఎడమ మడ్గార్డు ముడుచుకుపోయి టైరుకి ఆనింది, రేడియేటరు పగిలింది, గ్రిల్లు తునకలైంది. స్టీరింగు చక్రం నా రొమ్ముకి గట్టిగా తగిలింది.

"పాత బండి, గట్టి ఇనుము" అని మురిసిపోయేవాళ్లం కదా! ఫస్టియర్లో ఇంపల్స్ గురించి చదివి మార్కులు తెచ్చుకున్నాను గానీ, అర్థమైంది ఆ రాత్రే. బండి ముందుభాగం ఎంత నెమ్మదిగా నలిగితే లోపలివాడికి అంత తక్కువ దెబ్బ. అలా నలగడానికని కట్టిన బండి కాదది. బెల్టు కూడా లేదు.

నాన్న వచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. తుక్కు వ్యాపారి రెండుసార్లు ఇంటికొచ్చి బేరం పెట్టాడు. మూడోసారి వచ్చేసరికి బండి బెజవాడ ఆటోనగర్‌లో ఉంది.

ఏడు వారాలు పట్టింది. ఆదివారాలు నేనూ వెళ్లేవాణ్ణి. ఇంజనుకి ఏమీ కాలేదు, బాధంతా బాడీతోనే. అంబాసిడరుకి లారీలాగా విడిగా ఛాసిస్ ఉండదు. బాడీయే ఛాసిస్. ముందు వంగితే తలుపులు కూడా సరిగా పడవు. మేస్త్రీ గొలుసు కట్టి గుంజడం, తలుపు వేసి చూడడం, మళ్లీ గుంజడం. గ్రిల్లు దొరక్కపోతే, "మార్క్ 4ది ఉంది, పెట్టేద్దామండీ" అన్నాడు. నాన్న ఒప్పుకోలేదు.

రంగు వేసేముందు మేస్త్రీ బాడీ అంతా అయస్కాంతం పెట్టి చూస్తున్నాడు. కుడి వెనక మడ్గార్డు దగ్గర అది అంటుకోలేదు. గోకితే బొటనవేలి మందాన పాత లప్పం!

"దీన్నెప్పుడో గుద్దారండీ," అన్నాడు.

నాన్న కాసేపు అటూ ఇటూ చూశాడు.

"1991లో. ఇంటర్ చదువుతున్నా. రివర్సులో బావి గట్టుకి కొట్టా. మీ తాత రాత్రికి రాత్రే బండిని ఇక్కడికి పంపించాడు. మీ నాయనమ్మకి ఈనాటికీ తెలీదు."

"తాతయ్య ఏమన్నాడు?"

"ఏమంటాడ్రా? ఏమీ అన్లేదు."

గీకి కొత్తగా పెట్టమంటారా అని మేస్త్రీ అడిగితే, గట్టిగానే ఉందిగా, ఉండనీమన్నాడు.

ఇంటికొచ్చేటప్పుడు కారు నన్నే నడపమన్నాడు. ముప్ఫై దాటలేదు. వెనక సైకిలువాడు కూడా బెల్లు కొట్టాడు.

గ్రిల్లు మాత్రం ఇంకా దొరకలేదు. ప్రస్తుతానికి ఇనప జల్లెడ కట్టి తిప్పుతున్నాం. మీ ఊళ్లో ఎవరి కొట్టంలోనైనా మార్క్ 3 గ్రిల్లు పడి ఉంటే దయచేసి ఫిజిక్సు ల్యాబు దగ్గర నాకు చెప్పండి. బావి గట్టు సంగతి మాత్రం మా నాయనమ్మ చెవిన వేయకండి.