విత్తనం కాయలు

లోకం ముగిసిపోతుందంటే అందరికీ భయం. మా అవ్వకు మాత్రం చిరాకు. "మళ్ళీనా?" అంటుంది.

ఆవిడ చిరాకులో న్యాయముంది. 1962లో అష్టగ్రహ కూటమి, ప్రళయం అన్నారు. 1979లో స్కైలాబ్ అన్నారు. 2000 రాగానే కంప్యూటర్లు ఆగి లోకమే ఆగిపోతుందన్నారు. ప్రతిసారీ మర్నాడు కోడి కూసింది, అవ్వ లేచి వాకిట్లో పేడనీళ్ళు చల్లింది.

2020 జూన్‌లో తనకల్లు నుంచి చిన్నమ్మ ఫోను చేసింది. కరోనా రోజులు. ఎవరో బోధకుడి ప్రసంగాలు పొద్దస్తమానం ఫోనులో వింటోందట.

"తెగుళ్ళు, కరువులు, అన్నీ రాసిపెట్టినట్టే జరుగుతుండాయి. ఇంగ పాపకు నర్సింగు చదువెందుకమ్మా? ఆ ఫీజు డబ్బు కానుకగా ఇచ్చేద్దామనుకుంటాండా" అంది.

నాకు నోట మాట రాలేదు. ప్రభువు రాడని ఎలా అనను? వస్తాడని ఆదివారం ఆదివారం విశ్వాస ప్రమాణంలో ఒప్పుకునేదాన్నే కదా! చెప్పొద్దూ, వీధిలో అంబులెన్సు మోత వినబడితే నేనూ ప్రకటన గ్రంథం తీసి చూసుకున్నదాన్నే.

అంతలో, చిన్నమ్మ దగ్గరే ఉంటున్న అవ్వ ఫోను లాక్కుంది. కోపం కూతురి మీద, కథ నాకు.

స్కైలాబ్ 1973లో అమెరికా వాళ్ళు ఆకాశంలోకి పంపిన 77 టన్నుల ప్రయోగశాల. అది ఎక్కడ పడుతుందో పంపినవాళ్ళకే తెలియదు. ఊళ్ళో మేకలు కోసుకుని పండగ చేసుకున్నారట. సరిగ్గా అది శెనక్కాయ విత్తే కాలం. చచ్చేవాళ్ళకు విత్తనమెందుకని కొందరు విత్తనం కాయలే వేయించుకుని తిన్నారు. తాత కూడా మూట విప్పబోతే అవ్వ దానిమీద ఎక్కి కూర్చుందట.

"నేను చచ్చినాక తినండి."

జులై 11 రాత్రి ఆ స్కైలాబ్ ముక్కలై హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియా పడమటి వైపునా పడింది. తర్వాత పదునైన వాన కురిసిననాడు, విత్తనం లేనివాళ్ళు అప్పుకోసం అవ్వ గడపకే వచ్చారు.

మా ఊరివాళ్ళే అనుకోకండి. ప్రభువు 1844 అక్టోబరు 22న వస్తాడని నమ్మి, అమెరికాలో కొందరు రైతులు పంట కోయకుండా చేలోనే వదిలేశారు.

మా కరువుసీమలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. అదెప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. తెలియదని ఆడవాళ్ళు కాయలు ఒలవడం మానరు.

ఆ రాత్రి మత్తయి సువార్త 24వ అధ్యాయం మళ్ళీ చదివాను. ఆ గడియ తండ్రికే తెలుసని ప్రభువు అన్నాడు. అది వచ్చేసరికి ఇద్దరు ఆడవాళ్ళు తిరగలి విసురుతూ ఉంటారనీ అన్నాడు. ఎన్నిసార్లు చదివానో! ఆ తిరగలి మాత్రం అప్పుడే కనబడింది. ఆయన మనసులో మెదిలిన ఆడవాళ్ళు మిద్దె మీద కూర్చుని ఆకాశం చూస్తున్నవాళ్ళు కారు, మర్నాటి రొట్టెకు పిండి విసురుతున్నవాళ్ళు. థెస్సలొనీకలో కొందరు పని మానేసి తిరుగుతుంటే పౌలు కూడా మందలించాడు, పనిచేసి తినండని.

మర్నాడు ఇదే చిన్నమ్మతో చెప్పాను. "అవ్వ కూడా అదే అంటాంది" అని ఫోను పెట్టేసింది. వారం తిరక్కుండా ఫీజు కట్టింది. ప్రసంగాలు వినడం మానలేదు. కాకపోతే కాయలు ఒలుస్తూ వింటోంది.

పాప ఇప్పుడు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేస్తోంది. ప్రభువు ఏ రాత్రి వచ్చినా సరే, అది మాత్రం మెలకువగానే ఉంటుంది, ఎవరో రోగి పక్కన.