తప్పెట కొట్టని కబురు

మాది కడప జిల్లాలో రైలుకట్ట పక్కన మాదిగపల్లె. ఊరు కట్టకు అవతల, మేం ఇవతల. మా నాయనది వేలిముద్ర. మా వంశంలో డిగ్రీ దాకా పోయినోణ్ణి నేనే మొదలు. ఇప్పుడు సర్కారు బళ్లో అయ్యవారిని.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా మా లైనుకు కరెంటు వేసే పని వచ్చింది. స్తంభాలకు గుంతలు తవ్వే కూలికి నాయన పోయినాడు. సెలవుల్లో నేనూ పోయినా. సూపర్‌వైజరు దగ్గర ఇంగ్లీషులో ఒక పటం ఉండేది. అడిగి చదివినా. సూటి దారిలో స్తంభానికీ స్తంభానికీ మధ్య 72 మీటర్లు మించకూడదు. వంపుల్లో ఇంకా దగ్గరికి రావాల. నల్లరేగడైతే పునాది ఒక తీరు, గట్టి నేలైతే ఇంకో తీరు. పట్టాలకు అయిదున్నర మీటర్ల ఎత్తున తీగ. అందులో 25 వేల వోల్టులు.

అంత కరెంటు యాడ నుంచి వస్తుందని అడిగితే సూపర్‌వైజరు చెప్పినాడు. ఆ లెక్క స్తంభాల కంటే ముందే తేలాలంట. గ్రిడ్డు నుంచి 132 వేల వోల్టుల లైను లాగి, నలభై యాభై కిలోమీటర్లకొక సబ్‌స్టేషన్ కట్టాల. ఒక ట్రాన్స్‌ఫార్మరు చెడిపోతే పక్కన ఇంకొకటి సిద్ధంగా ఉండాల. సబ్‌స్టేషనే ఆగిపోతే పక్క సబ్‌స్టేషన్ నుంచి అందుకోవాల. రైలు మటుకు ఆగకూడదు.

ఇదంతా చెప్తే నాయన పార ఆపి విన్నాడు. "మట్టిని గూడా అడిగి తవ్విస్తాండారే" అన్నాడు.

నిజమే. మట్టిని అడిగినారు. మమ్మల్ని అడగలేదు. మేం కట్ట ఎక్కడ దాటుతామో, మా మేకలు యాడ మేస్తాయో ఆ పటంలో లేదు.

తీగలోకి కరెంటు వదిలే ముందు పేపర్లో ప్రకటన వేస్తారు. ఫలానా తారీకు నుంచి ఎవరూ దగ్గరికి పోరాదని. కాలేజీ లైబ్రరీలో నేను దాన్ని చదివినా. మా లైను పేరు పేపర్లో పడిందని స్నేహితునికి చూపించి మురిసిపోయినా. ఇంటికి పోయి చెప్పాలని తోచలేదు. మా పల్లెకు పేపరు రాదు. ఊర్లోకి వచ్చే ఒక్క పేపరు రచ్చబండ మీద ఉంటుంది. ఆ బండ మీద మేం కూర్చోం.

పన్నులు కట్టండని, జాతర ఫలానా రోజని మా తాత తప్పెట కొట్టి ఊరంతా చాటేవాడు. వాళ్ల కబుర్లకు మా తప్పెట కావాల. మా పాణాల కబురుకు మటుకు ఎవరూ తప్పెట తీయమనలేదు.

మా చిన్నాయన కొడుక్కు అప్పుడు పన్నెండేళ్లు. మేకలకు తుమ్మకొమ్మలు కోద్దామని పచ్చి వెదురు దోటి పైకెత్తినాడు. ఆ తీగ ముట్టుకోకుండానే కాలుస్తుంది. దానికి రెండు మీటర్ల లోపలికి పోకూడదనేది నియమం. వానికి ఎవరు చెప్పినారు? బతికినాడు. కుడిచెయ్యి మోచేతి దాకా తీసేసినారు. అక్కడి స్తంభానికి గుంత తవ్వింది మా నాయనే. ఆయన మళ్లీ ఆ దారిన పోలేదు.

మనదేశంలో కరెంటు రైలు 1925లో బొంబాయిలో మొదలైంది. మిగిలిన 13,675 కిలోమీటర్లకూ కరెంటు వేయాలని 2018లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించింది. ఇప్పుడు బ్రాడ్‌గేజి దాదాపు అంతా అయిపోయింది. మంచిదే. నేను వద్దనడం లేదు. సిమెంటుకూ రాగితీగకూ లెక్క రాసినట్టే, కట్ట పక్క పల్లెలకు పోయి నోటితో చెప్పే మనిషికీ ఒక లెక్క రాయమంటున్నా.

ఏటా బడి తెరవగానే పిల్లల్ని కట్టకు దూరంగా నిలబెట్టి తీగ చూపిస్తా. రెండు మీటర్లంటే ఎంతో వాళ్ల అడుగులతోనే కొలిపిస్తా. దోటి ఎత్తొద్దని, ఆగిన గూడ్సుబండి మీదికి ఎక్కొద్దని వాళ్ల చేతనే చెప్పిస్తా.

తమ్ముడు ఎడంచేత్తో రాయడం నేర్చుకున్నాడు. పదో తరగతి పాసైన రోజు అడిగినాడు. "అన్నా, పేపర్లో ముందే వచ్చిందంట గదా. నువ్వు చూసినావా?"

చూసినానని ఆ రోజు చెప్పలేకపోయినా. ఇప్పుడు రాస్తున్నా. వాడు చదువుతాడు.