ఎఱ్ఱగుడి బండపై ఒక సంఖ్య

ఆదవాని పత్తి మండీల సందడిని వెనుకనిడి, నల్లరేగడి చేలు క్రమముగా ఎఱ్ఱనేలలకు చోటిచ్చుటను గమనించుచు ఆస్పరి, పత్తికొండల మీదుగా సాగి, తొలకరి వానలు పడగానే జనులు వజ్రములకై పొలములు గాలించు జొన్నగిరి ప్రాంతమున, అశోకుని శాసనములున్న ఎఱ్ఱగుడి గుట్టను చేరితిని.

ఇచ్చటి చిన్న శిలాశాసనమున కొన్ని పంక్తులు ఎడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి ఎడమకును, దున్నెడి ఎద్దులు చాలు చివర మరలినట్లు సాగును. నన్ను కట్టివైచినది మాత్రము అందలి 256 అను సంఖ్య. చక్రవర్తి యాత్రలో గడపిన రాత్రుల లెక్క యిదియని పలువురు పండితుల మతము. ఇన్నూటి కొక గుర్తు, ఏబదికి వేఱొకటి, ఆఱింటికి మఱియొకటి. స్థానమునుబట్టి విలువ మాఱుట లేదు, సున్న లేదు.

ఆ అంకెల యెదుట నిలిచినపుడు, మెక్సికో, గ్వాటెమాలా దేశముల మాయాజాతివారు స్మృతికి వచ్చిరి. ఒకటికి చుక్క, ఐదింటికి అడ్డగీత, సున్నకు శంఖాకృతి గల గుర్తు కల్పించుకొని, ఇరువదుల లెక్కతో అంకెలను క్రిందినుండి మీదికి పేర్చిన ఆ మేధావులు, ఇదే సంఖ్యను పైన పండ్రెండుగను, క్రింద పదునాఱుగను వ్రాసియుందురు. 1562లో మానీ పట్టణమున దియేగో ద లాందా అను సన్న్యాసి వారి గ్రంథములను తగులబెట్టించెను. 1952లో యూరీ క్నోరొజొవ్ చూపిన మార్గమున గాని ఆ లిపి ధ్వనులు లోకమునకు మరల వినబడలేదు.

గుట్ట దిగి, కళ్లముకడ నున్న వృద్ధ కృషీవలునితో, "పెద్దయ్యా, ఇన్నూటయేబదాఱు తూములు ఎన్ని పుట్లగును?" అంటిని.

"పుట్టికి ఇరవై తూములు గదా నాయనా! పన్నెండు పుట్ల పదారు తూములు" అని ఆయన తడుముకొనక చెప్పెను.

పండ్రెండు, పదునాఱు: అక్షరాల మాయావారి లెక్క! ఒకరినొకరు ఎఱుగని రెండు జాతులు ఇరువదినే పట్టుకొనుటకు మనుష్యుని కాలుసేతుల వ్రేళ్లే మూలమని నా విశ్వాసము. ఎఱ్ఱగుడి రాయి రెండువేల యేండ్లకు పైగా నిలిచినది. నోటిలెక్క కట్టి రక్షణ లేదు. మెట్రిక్ కొలతలు వచ్చి తూములు, కుంచములు, మానికలు మఱుగగుచున్నవి. పాఠకులారా, మీ యింటి పెద్దల నడిగి ఆ లెక్కలను నేడే వ్రాసియుంచుడు.