కొక్కేనికి వేలాడే బంతి

చేవెళ్ల రోడ్డు మర్రిచెట్ల వరస దాటి లోపలికి తిరిగితే ఒక మామిడితోట, అందులో రేకుల షెడ్డు, కంచె వేసిన మైదానం. పోలీసు శాఖలో డాగ్ హ్యాండ్లర్‌గా పనిచేసి రిటైరైన ఒకాయన ఇక్కడ పెంపుడు కుక్కలకు తర్ఫీదు ఇస్తున్నారు. అందరూ ఆయన్ను మాస్టర్ అనే పిలుస్తారు. తెలంగాణ పోలీసు జాగిలాలు శిక్షణ పొందే అకాడమీ ఉన్న మొయినాబాద్ ఈ దారిలోనే ఉంది.

షెడ్డు గోడకు వరసగా కొక్కేలు. ఒక్కో కొక్కేనికి తాడు కట్టిన రబ్బరు బంతి, దాని పైన సుద్దముక్కతో రాసిన కుక్క పేరు. నేల మీద ఒక్క బొమ్మ కూడా లేదు. ఎందుకని అడిగాను.

"జీతం గేటు దగ్గర కుప్ప పోసి పెడతారా సార్? పని చేశాకే కదా ఇస్తారు" అన్నారు మాస్టర్.

మిగతా శిక్షణంతా ఈ మాట మీదే నిలబడింది. పేలుడు పదార్థాలను పసిగట్టే జాగిలానికి ఆ మందు వాసన మీద మోజేమీ ఉండదు. ఆ వాసన తగిలిన చోట కదలకుండా కూర్చుంటే బంతి దొరుకుతుందని దానికి అలవాటు చేస్తారు. విమానాశ్రయంలో సూట్‌కేసుల మధ్య తోక ఊపుతూ తిరిగే కుక్క తన లెక్కలో వెతికేది బంతినే. ఆ బంతి పొద్దస్తమానం కాళ్ల దగ్గరే దొర్లుతుంటే ఇక వెతకడమెందుకు?

ఇంతలో నల్లగండ్ల నుంచి ఒక కుటుంబం దిగింది. ఏడాదిన్నర లాబ్రడార్, దాంతోపాటు సంచి నిండా బొమ్మలు. "ఇన్ని కొన్నామండీ మాస్టర్ గారూ, అయినా సోఫా వదలట్లేదు. పిలిస్తే రాదు" అంది ఆవిడ.

మాస్టర్ సంచిని చాప మీద గుమ్మరించారు. టెన్నిస్ బంతి పక్కన పెట్టేశారు. దాని నూగులో ఇసుక పట్టి, నమిలే కొద్దీ పళ్లు అరిగిపోతాయట. గొంతులోకి జారేంత చిన్న బంతి నేరుగా చెత్తబుట్టలోకి వెళ్లింది. దూది బయటికొచ్చిన ఎలుగుబంటి, పోగులు ఊడిన తాడు కూడా అంతే. మింగిన పోగులు పేగులకు అడ్డం పడితే ఆపరేషన్ దాకా వెళ్తుంది. అడుగున ఒక పాత చెప్పు దొరికింది. "పాత చెప్పు కొరకొచ్చు, కొత్తది కొరకొద్దు అంటే దానికెలా తెలుస్తుందమ్మా?" అన్నారాయన.

మిగిలినవాటిలో లోపల బోలుగా ఉన్న మందపాటి రబ్బరు బొమ్మ ఒకటి. దీనికో కథ ఉంది. అమెరికాలోని కొలరాడోలో జో మార్క్‌హమ్ పెంచుకున్న ఫ్రిట్జ్ అనే జర్మన్ షెపర్డ్ రాళ్లు నమిలి పళ్లు పాడుచేసుకునేది. 1970లలో ఆయన ఫోక్స్‌వ్యాగన్ వ్యాను బాగుచేస్తూ ఒక సస్పెన్షన్ రబ్బరు ముక్కను పక్కన పడేస్తే, ఫ్రిట్జ్ దాన్ని పట్టుకుని వదల్లేదు. ఆ ఆకారంలోంచే కాంగ్ బొమ్మ పుట్టింది. ఉప్పు లేని పెరుగన్నం అందులో కూరి ఫ్రిజ్‌లో గట్టిపడనిస్తే కుక్క చాలాసేపు దాంతోనే గడుపుతుంది.

ఆ తర్వాతి పావుగంట నేను కళ్లు తిప్పలేదు. మాస్టర్ తాడుబంతిని కుక్క నోటికిచ్చి కాసేపు లాగులాట ఆడారు. ఉన్నట్టుండి చేతిని తొడకు ఆనించి బిగబట్టారు. లాగలేదు, అరవలేదు. కుక్క గుంజింది, గుర్రుమంది, కళ్లెత్తి ఆయన మొహంలోకి చూసింది. బొమ్మలో కదలిక లేకపోయేసరికి దానికి ఆసక్తి తగ్గి దవడ వదులైంది. ఆ క్షణంలోనే "గుడ్" అంటూ మళ్లీ ఆట మొదలుపెట్టారు. ఇలా కొన్నిసార్లయ్యాక "డ్రాప్" అనే మాట కలిపారు. వదిలేస్తే పోయేదేమీ లేదు, ఆట మళ్లీ వస్తుందని దానికి అర్థమైపోయింది. మనం ఇళ్లల్లో చేసేది దీనికి పూర్తిగా వ్యతిరేకం. నోట్లోంచి గుంజుకుని దాచేస్తాం. ఆనక మూతి ముడిచి గుర్రుమంటోందని దాన్నే తిడతాం.

ఆ ఇంటి పిల్లాడు బంతితో పారిపోతున్న కుక్క వెంటపడ్డాడు. "వెంట పరిగెత్తకు బాబూ, దానికి అదే ఆట. నువ్వు అటు వెనక్కి పరిగెత్తు" అన్నారు మాస్టర్. పిల్లాడు వెనుదిరిగి పరిగెత్తాడు. కుక్క బంతితో సహా వాడి వెనకాలే వచ్చింది.

బొమ్మలు ఎక్కువైతే కుక్క చెడిపోతుందా అన్న అనుమానం నాకు మిగిలింది. కానీ అమెరికాలో జాన్ పిల్లీ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు ఛేజర్ అనే తన బోర్డర్ కోలీకి 1,022 బొమ్మల పేర్లు నేర్పి, 2011లో ఆ ఫలితాలు ప్రచురించారు. ప్రతి బొమ్మనూ చూపించి, పేరు చెప్పి, దాంతో ఆడించేవారు. లోపం సంఖ్యలో లేదు, మనిషి ప్రమేయం లేకుండా అవి దొర్లుతుండటంలో ఉంది.

ఒక్క విషయంలో మాత్రం మాస్టర్‌తో వాదించాను. అపార్ట్‌మెంట్‌లో పగలంతా ఒంటరిగా ఉండే కుక్కకు అన్నీ తాళం వేసి దాచడం అన్యాయం. నమలడం దాని అవసరం, పళ్లు మారే నాలుగు నుంచి ఆరు నెలల వయసులో మరీను. ఆయన ఒప్పుకున్నారు. నమిలేవి రెండు ఎప్పుడూ అందుబాటులో ఉంచి, వాటిని వారానికోసారి మార్చమన్నారు. బంతి, తాడు మాత్రం మన చేతి మీదుగానే రావాలి.

ఇంట్లో కుక్క ఉన్నవారు ఈ రోజే బొమ్మలన్నీ ఒకచోట పోసి చూడండి. చిరిగినవి, గొంతులో పట్టేవి పారేయండి. అది అన్నిటికన్నా ఇష్టపడే బొమ్మను బీరువాలో పెట్టి, పిలవగానే వచ్చినప్పుడు తీసి ఆడించండి. ఇప్పటికే బొమ్మ దగ్గర పళ్లు చూపించే కుక్కయితే మీరు ప్రయోగాలు చేయకుండా, తెలిసిన శిక్షకుడి దగ్గరకు తీసుకెళ్లండి.