సొగసైన తుపాకి

గత మాఘమాసమున కమాన్‌పూర్‌లోని మా అన్నగారి యింట నాలుగు దినములుంటిమి. ఒకనాటి సాయంకాలము ఆదివరాహస్వామి దర్శనము చేసికొని వచ్చుసరికి అరుగుమీద వాదము చెలరేగియుండెను. అన్నగారి కుమారుడు బొగ్గు రవాణా గుత్తలు చేయువాడు. రాత్రివేళ గోదావరిఖనినుండి రొక్కముతో వచ్చుచున్నాననియు, తన భార్య బడినుండి ఇల్లు చేరుసరికి చీకటి పడుచున్నదనియు చెప్పి, చేతితుపాకికి లైసెన్సు కోరదలచినాడు. లైసెన్సు మాట దేవుడెరుగును గాని, ఏ తుపాకి కొనవలెనో మాత్రము అప్పుడే నిశ్చయించుకొనెను. ఫోనులో మాకు బొమ్మ చూపెను. తళతళలాడు నికెలు పూత, దంతమువంటి తెల్లని పిడి. నిజము చెప్పవలెనన్న మా కన్నును దానిపై ఒక నిమిషము నిలిచినది. మేమును యౌవనమున పూతచూచి చేతిగడియారము కొని, కాలము తెలియుటకు ఇరుగుపొరుగువారిని అడిగినవారమే.

అన్నగారు ముప్పదియేండ్లు భూగర్భమున పనిచేసినవారు. "గనిల దిగేటోనికి దీపం సొగసుగుంటే ఏందిరా, లేకుంటే ఏంది? గ్యాసున్నదా లేదా చెప్తదా, అది జూడాలె" అనిరి. వెనుకటి రక్షకదీపపు జ్వాలపై నీలికుచ్చు కనబడినచో మీథేనువాయువు చేరినదని గనికార్మికులు గుర్తెరుగుదురు. కప్పునకు ఊతమిచ్చు కొయ్యదిమ్మ విరుగుటకు ముందు కిర్రుమని హెచ్చరించును; కనుకనే చూపునకు మోటైన కొయ్యనే పలువురు నమ్మిరి. ప్రాణమును దేనికప్పగించితిమో దాని రూపమును విచారింపమని అన్నగారి సిద్ధాంతము.

పొరుగున సైన్యమునుండి విశ్రమించి బ్యాంకులో కావలిచేయు పెద్దమనిషి కలడు. ఆయన వాదమును యంత్రములవైపు త్రిప్పెను. రివాల్వరున ఒక తూటా పేలకున్నచో ట్రిగ్గరు మరల నొక్కిన చాలును, తరువాతి గది తిరిగి ఎదుటికి వచ్చును. పిస్తోలున అట్లుకాదు, రెండవచేతితో పైభాగమును వెనుకకు లాగి, చెడిన తూటాను విసరివేయవలెను. భయముతో చేతులు వణకువేళ ఈ భేదము చిన్నది కాదు. అయినను పిస్తోలు బల్లపరుపుగా నుండుటచే నడుమున దాచుకొనుటకు అనువు. తూటాలును ఎక్కువ పట్టును. 1911లో అమెరికా సైన్యము కోల్టు పిస్తోలును పరీక్షించినప్పుడు 6000 తూటాలు కాల్చినను ఒక్కమారైనను తట్టుకొనలేదు. పిదప పరదాకడ్డీలు చేయు గ్లాక్ అను ఆస్ట్రియావాడు ప్లాస్టిక్కు చట్రముతో నొక పిస్తోలు చేయగా, అందవిహీనమని నవ్వినవారు నవ్విరి. 1982లో ఆ దేశపు సైన్యము దానినే స్వీకరించినది. తరువాత లోకమందలి పోలీసులనేకులు దాని వెంటబడిరి.

అయితే మన 1959 నాటి ఆయుధ చట్టముక్రింద 9 మిల్లీమీటర్ల సైనికపు తూటా సామాన్య పౌరునికి నిషిద్ధము. అందుచేతనే మనదేశమున .32 కొలతకు అంత వాడుక. 2014 జనవరిలో కాన్పూరు కర్మాగారమువారు స్త్రీలకొరకని 'నిర్భీక్' అను రివాల్వరును వెలువరించిరి. బరువు సుమారు అరకిలో, వెల లక్షా ఇరువదివేలకు పైబడి. దానిని నగలపెట్టెవంటి ఎఱ్ఱని పెట్టెలోపెట్టి యిచ్చిరి. ఈ పెట్టె మాకు మింగుడుపడలేదు. నగలపెట్టెను మన స్త్రీలేమి చేయుదురు? బీరువాలో పెట్టి తాళము వేయుదురు. చేతిసంచిలో ఉండవలసిన వస్తువునకు ఆ వేషమేల? 2012 డిసెంబరులో ఢిల్లీయందు జరిగిన ఘోరమునకు మనమిచ్చు ప్రత్యుత్తరము, ఉపాధ్యాయిని పలునెలల జీతమునకు సమానమైన యొక పెట్టెయా?

ఇంతలో కోడలు టీ తెచ్చి, బొమ్మవైపు చూచి, "చిన్నమామయ్యా, ఇది నా కోసమా, లగ్గాలల్ల పట్టుకొని ఫోటో దిగెటందుకా?" అనెను. అందరును నవ్విరి, కుమారుడు నవ్వలేదు. వివాహములందు ఉత్సాహమునకై తుపాకి కాల్చుట 2019 సవరణతో రెండేండ్లవరకు శిక్షార్హమైన నేరమైనదని మేము గుర్తుచేసితిమి. ఆమె అంతటితో విడువలేదు. "బడికాడ బస్సు దిగినంక అర కిలోమీటరు దీపాలు లేవు. నాకు దీపం గావాలె. ఇది సంచిలుంటే పిల్లల నోటుబుక్కుల నడుమ దేవులాడాలె. ఇంట్లుంటే ఎక్కడ పెడ్తరు?"

"బీరువాల" అని కుమారుడు.

"తాళంచెవి?"

కుమారుడు బదులు చెప్పకముందే గడపమీద కూర్చున్న ఆరేండ్ల మనుమరాలు లేచి, "బియ్యం డబ్బా ఎనుక!" అని వ్రేలు చూపెను.

అరుగుమీద మాటలు నిలిచిపోయినవి. కావలివాడు తన చుట్ట ఆర్పెను. కుమారుడు ఫోను జేబులో వేసికొని, టీ చల్లారువరకు లోపలికి చూచుచు కూర్చుండెను.

నిన్న అన్నగారు ఫోనుచేసిరి. దరఖాస్తు కాగితము ఇంకను నింపక బీరువాలోనే యున్నదట. తాళంచెవి మాత్రము తావు మార్చిరట. ఎక్కడికో మాకును చెప్పలేదు. కోడలు ఊరివారిచే సంతకములు పెట్టించి, బడిదారికి దీపములకై పంచాయతీకి అర్జీ యిచ్చినదట.