పూలదారిలో అయిదు రోజులు

కోడంబాక్కంలో ‘కారవాన్’ అన్న మాట తెలియనివారు ఉండరు. సినిమా తారలు షాటుకీ షాటుకీ మధ్య నడుం వాల్చే ఏసీ బండి అది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు మంచాలూ, పొయ్యీ అమర్చిన అలాంటి బండినే అద్దెకు తీసుకుని, వసంతంలో పూలతోటలు చూసుకుంటూ ఊళ్ళు తిరుగుతారు. మనకు అంత బండి ఎందుకు? పన్నెండు సీట్ల టెంపో ట్రావెలర్ మాట్లాడుకున్నాం. వెనక సీటు మీద దుప్పటి పరిస్తే అత్తయ్యకు మంచం. పొయ్యి బదులు మూడు క్యారియర్ల నిండా పులిహోర, దద్దోజనం, జంతికలు.

ఈ ప్రయాణానికి అసలు కారణం మా పెద్దమామయ్య. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళపైన స్టూడియోల్లో లైట్లు మోశారు. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోయినప్పుడు తోటివాళ్ళు చాలామంది వెళ్ళారు, ఆయన ఇక్కడే ఉండిపోయారు. పాటల చిత్రీకరణకు ఊటీ ఎన్నిసార్లు వెళ్ళారో ఆయనకే లెక్క లేదు. “మరి పూలు ఎలా ఉంటాయి తాతయ్యా?” అని పిల్లలు అడిగితే, “వాటి మీద వెలుగు సరిగ్గా పడిందా లేదా అన్నదే చూశానురా” అన్నారు. ఈ మధ్య గుండె కొంచెం బలహీనపడింది. కొండ ఎక్కాలంటే ఇక ఆలస్యం చేయొద్దనీ, ఒక్క దూకున ఎక్కించొద్దనీ డాక్టరు చెప్పారు. అందుకే మజిలీలు పెట్టుకున్నాం.

మొదటి మజిలీ ఏర్కాడు. సేలం నుంచి ఇరవై హెయిర్‌పిన్ మలుపులు ఎక్కితే, సుమారు 1,500 మీటర్ల ఎత్తున కాఫీ తోటల మధ్య ఉంటుంది. మేలో ఇక్కడా పూల ప్రదర్శన జరుగుతుంది. ఊటీ అంత ఆర్భాటం లేదు, ఊటీ అంత తోపులాటా లేదు. చిన్నపిల్లలున్నవారికి నా ఓటు ఏర్కాడుకే. కిందికి దిగాక సేలం మామిడిపళ్ళు కొనకుండా వస్తే ఇంట్లో ఎవరూ క్షమించరు!

మేట్టుపాళయం దాటగానే వక్కతోటల చల్లదనం మొదలవుతుంది. ఒక ముఖ్యమైన మాట. 2024 మే 7 నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశం మీద నీలగిరికి వెళ్ళే బయటి వాహనాలకు ఇ-పాస్ పెట్టారు. ఇంట్లో ఉండగానే తీసుకోండి. వాడి పారేసే ప్లాస్టిక్ సీసాలకూ అక్కడ నిషేధమే, మరచెంబు పట్టుకెళ్ళడం మేలు.

కూనూరులో సిమ్స్ పార్కు 1874 నాటిది. కొండవాలును చెక్కకుండా ఉన్నది ఉన్నట్టు వాడుకున్న తోట. పూలకన్నా అక్కడి చెట్లే చూడదగ్గవి. రుద్రాక్ష చెట్టు దగ్గర అత్తయ్య చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నారు. ఆమెను చూసి, వెనక వచ్చిన గుజరాతీ కుటుంబం కూడా దణ్ణం పెట్టింది.

ఇక ఊటీ. 2,240 మీటర్లు. ఒకప్పుడు యూరోపియన్ కుటుంబాలు కూరగాయల కోసం చందాలు వేసుకుని నడిపిన చోటే, 1848లో మెక్‌ఐవర్ అనే తోటమాలి చేతుల మీదుగా ఈ బొటానికల్ గార్డెన్ రూపు దిద్దుకోసాగింది. ఇరవై రెండు హెక్టార్లు, మెట్లుమెట్లుగా. పూల ప్రదర్శన 1896లో మొదలైంది. మేలో పూయాలంటే నెలల ముందే నారు పోసి, కుండీల్లోకి మార్చి, మంచు నుంచి కాపాడుకోవాలి. మనం అరగంటలో ఫొటోలు తీసుకుని వచ్చేస్తాం. పాన్సీ, పెటూనియా, డాలియా, సాల్వియా కుండీలు వేలల్లో ఉన్నాయి. పూలతో కట్టే బొమ్మల దగ్గరే జనమంతా. నాకు మాత్రం ఆ బొమ్మలకన్నా ఫెర్న్ మొక్కల ఇల్లే నచ్చింది.

తెల్లారగానే వెళ్ళాం కనుక పచ్చికబయలు ఖాళీగా ఉంది. మామయ్య చేతికర్ర ఊతంగా నడుస్తూ, జనరేటర్ ఎక్కడ పెట్టేవారో, రిఫ్లెక్టరు పట్టుకుని తాను ఎక్కడ నిలబడేవారో పిల్లలకు చూపించారు. ఆ పక్కనున్న పూలమడి దగ్గర ఆగిపోయారు. “ఇది ఇక్కడే ఉండేదా?” అన్నారు. వంగలేక, మనవరాలి చేత ఒక పాన్సీ పువ్వును కొమ్మనుండగానే పైకెత్తించి చూశారు. పువ్వుకు ముఖం ఉందని అప్పుడే తెలిసిందట.

1995లో పూల ప్రదర్శనల శతవార్షికోత్సవానికి వేసిన గులాబీతోటకు సాయంత్రం వెళ్ళాం. అక్కడ మెట్లు ఎక్కువ. మామయ్య పైన బెంచీ మీదే కూర్చున్నారు. పిల్లలు కిందికి పరుగెత్తి, పలకల మీది ఇంగ్లీషు పేర్లు చదువుకుని వచ్చి అప్పజెప్పారు. ఆయన ఒక్కోదానికీ తెలుగు పేరు పెట్టసాగారు: కనకాంబరం రంగుది, పసుపు గడపది, పెళ్ళికూతురి బుగ్గది. చిన్నది వాటిని నోట్‌బుక్కులో తెలుగులోనే రాసుకుంది. ‘బుగ్గ’కు గ వత్తు మరిచిపోతే ఆయనే దిద్దారు.

సీజన్‌లో పైకి కూనూరు దారి, కిందికి కోత్తగిరి దారి. టీ తోటల మధ్య దిగుతుంటే అందరూ నిద్రలోకి జారారు, మామయ్య తప్ప. మేట్టుపాళయంలో మళ్ళీ ఎండ. డ్రైవరు తంబి టీకి ఆపాడు.